డాబా మీద అగ్నిపర్వతం

"మా కాలనీ నాలుగో వీధిలోని సూపరింటెండెంటుగారి కుటుంబం అగ్నిపర్వత ద్వీపంలో వారం రోజుల సముద్రతీర విహారయాత్రను దిగ్విజయంగా పూర్తి చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. యాత్ర ఆసాంతం ఆహ్లాదకరంగా సాగింది. వారు వచ్చే నెల తొమ్మిదో తేదీన బయలుదేరుతున్నారు."

ఈ ప్రకటనను నోటీసు బోర్డుకు అంటించింది నేనే. కాలనీ సంఘం కార్యదర్శిని కాబట్టి అంటించే హక్కు, జిగురు సీసా రెండూ నా దగ్గరే ఉంటాయి. తేదీల దగ్గర ఏదో తేడా కొడుతోందని చదువుకున్నవాళ్లు ఒకరిద్దరు నసిగారు గానీ, కింద రబ్బరు స్టాంపు చూసి సర్దుకున్నారు.

సూపరింటెండెంటుగారిది వంతెనల శాఖలో ఇరవయ్యారేళ్ల సర్వీసు. పనికంటే ముందు పని పూర్తయినట్టు నివేదిక రాయడం ఆ శాఖలో ఆనవాయితీ. దీన్ని తప్పుగా అర్థం చేసుకోకూడదు. పనయ్యాక నివేదిక రాయడానికి కూర్చుంటే, పనిలో ఉన్న లోపాలన్నీ నివేదికలోకి ఎక్కేస్తాయి. ముందే రాసుకుంటే శుభ్రంగా ఉంటుంది. ఊరికి తూర్పున వాగు మీద వంతెన ఇలాగే పూర్తయింది. దానికి నాణ్యత పత్రం ఉంది, ప్రశంసాపత్రం ఉంది, మూడేళ్ల కిందట మరమ్మతులు కూడా జరిగాయి. జనం మాత్రం ఇప్పటికీ బట్టలు పైకి మడుచుకుని వాగులో దిగి దాటుతున్నారు. అలవాటు పడ్డ ప్రాణాలు, ఏం చేస్తాం!

ఇంతకీ ఆయనకు యాత్ర అవసరం ఎక్కడ పుట్టిందంటే, పంటి దగ్గర. వెనకింటి దంతవైద్యుడు పోయినేడాది కుటుంబ సమేతంగా మంచుకొండలకు వెళ్లొచ్చాడు. అప్పటినుంచీ ఆయన ఆసుపత్రిలో కుర్చీకి ఎదురుగా గోడంతా మంచే. రోగి నోరు తెరిచి, అందులో రెండు దూది ఉండలు కుక్కించుకున్నాక, "ఇదిగో, ఇక్కడే మా ఆవిడ జారిపడింది" అంటూ ఒక్కో ఫొటో తీరిగ్గా వివరిస్తాడు. నోట్లో దూది ఉన్నవాడు "మేమూ వెళ్తున్నాం లెండి" అని చెప్పుకోలేడు కదా. సూపరింటెండెంటుగారు ఆ అవమానాన్ని ఒక్కసారి దిగమింగారు. మళ్లీ పన్ను పోటెత్తినా ఆ గడప తొక్కలేదు. ఎనిమిది నెలలపాటు ఎడమవైపే నములుతూ, కుడి చెంప పట్టుకుని, మంచును కొట్టేది ఏముందా అని ఆలోచించారు. నిప్పు తట్టింది.

భోజనాల బల్ల దగ్గర నాలుగు సమావేశాలు జరిగాయి. వాటి మినిట్స్ నకలు నాకు 'సమాచారం నిమిత్తం' అందేది. సభ్యులు నలుగురు: సూపరింటెండెంటుగారు, బడిలో భూగోళం చెప్పే ఆయన భార్య, ఎనిమిదో తరగతి కూతురు, ఆయన తల్లి మామ్మగారు. పథకానికి 'మాతృమూర్తి సముద్ర దర్శనం' అని పేరు పెట్టారు. పేరు పెట్టినంతవరకూ న్యాయంగానే పెట్టారు. మామ్మగారికి డెబ్భై నాలుగేళ్లు. ఆవిడ ఇంతవరకూ సముద్రం చూడలేదు. పెళ్లయిన కొత్తలో భర్త తీసుకెళ్తానన్నాడు, ఉద్యోగమొచ్చిన కొత్తలో కొడుకు తీసుకెళ్తానన్నాడు. మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి ఒక్క కెరటం మీదికి రానివ్వాలని ఆవిడ కోరిక. అంతకుమించి ఈ లోకంలో ఆవిడకు కావలసిందేమీ లేదు.

మొదటి సమావేశంలోనే ఆవిడ ఒక ప్రతిపాదన చేసింది.

"ఏరా, బస్టాండులో బస్సెక్కి మూడు గంటలు కూర్చుంటే సముద్రం దగ్గర దింపుతాడటగా? రేపు పొద్దున్నే పోయొద్దాం."

"అమ్మా, అక్కడికి ఆర్డినరీ బస్సు వెళ్తుందే!" అన్నారు సూపరింటెండెంటుగారు నొచ్చుకుంటూ.

నిజమే. ఆర్డినరీ బస్సు వెళ్లే సముద్రాన్ని మా కాలనీలో ఎవరూ సముద్రంగా గుర్తించడం లేదు. ప్రతిపాదన ఏకగ్రీవంగా వీగిపోయింది. ఏకగ్రీవం ఎలా అంటే, మామ్మగారి ఓటును పథకం లబ్ధిదారు హోదాలో పక్కన పెట్టారు.

రెండో సమావేశానికి భార్య తమ్ముడు ప్రత్యేక ఆహ్వానితుడిగా వచ్చాడు. అతనిది ట్రావెల్స్ ఆఫీసు. అందులో రెండు కుర్చీలు, ఒక గ్లోబు ఉన్నాయి. గ్లోబు మీద ద్వీపం కనిపించలేదు గానీ అతను వేలు పెట్టి చూపించాడు. ఆ వేలి కిందే ఉందట.

"బావగారూ, రిసార్టు అంటే అదీ! పొద్దున్నే కిటికీ తెరిస్తే ఎదురుగా అగ్నిపర్వతం. నాలుగు వందల ఏళ్లనుంచి మనిషి అలికిడికి కూడా లేవకుండా పడుకునే ఉంది."

"నాలుగు వందల ఏళ్లా!" అని సూపరింటెండెంటుగారు లేచి నిలబడ్డారు. ఒకే చోట, బదిలీ లేకుండా, ఇంతకాలం కదలక మెదలక సేవ చేసినవాళ్లు వాళ్ల శాఖలో కూడా లేరు. ఆ కొండ మీద ఆయనకు అప్పుడు కలిగిన గౌరవం చివరిదాకా పోలేదు.

గదుల విషయంలో మాత్రం చిన్న చర్చ జరిగింది. సముద్రం వైపు గది తీసుకోవాలా, కొండ వైపు గది తీసుకోవాలా? సముద్రం ఎక్కడైనా సముద్రమేననీ, పళ్ల డాక్టరు గుండె ఆగాలంటే వెనకాల కొండే ఉండాలనీ తీర్మానించారు.

"మరి సముద్రంరా?" అంది మామ్మగారు.

"బాత్‌రూమ్ కిటికీలోంచి కనిపిస్తుందట అత్తయ్యా, స్టూలెక్కితే," అని కోడలు ధైర్యం చెప్పింది.

ఇక ఫొటోలు. అక్కడికి వెళ్లాక ఎండకు మొహాలు వాడిపోతాయి, గాలికి జుట్టు రేగుతుంది, ఉప్పునీళ్లకు బట్టలు పాడైపోతాయి. కాబట్టి శాఖ ఆనవాయితీ ప్రకారం ఫొటోలు ముందే తీసేసుకుంటే, అక్కడ ఆ బెడద లేకుండా హాయిగా సెల్‌ఫోను చూసుకుంటూ కూర్చోవచ్చు. ఈ తర్కంలో లోపం నాకింతవరకూ దొరకలేదు.

ఒక ఆదివారం ఉదయం వాళ్ల డాబా ద్వీపంగా మారింది. పక్క వీధిలో ఇల్లు కడుతున్నవాళ్ల ఇసుక నాలుగు బస్తాలు పైకెక్కింది. నీలం టార్పాలిన్ సముద్రమైంది. నీళ్ల ట్యాంకుకు నల్ల దుప్పటి కప్పి, పైన తడి కాగితాలు నింపిన ఇనప బకెట్టు పెట్టి అంటిస్తే అచ్చం అగ్నిపర్వతమే. ఆ శాఖ కూతురిది. "నాన్నా, పొగ చాలా, ఇంకా కావాలా?" అని దగ్గుతూ అడిగేది. భూగోళం టీచరు కావడం వల్ల తల్లి మాత్రం శాస్త్రం దగ్గర రాజీ పడలేదు. "కెరటాలు ఒడ్డువైపు రావాలండీ, మీరు టార్పాలిన్ అటు లాగుతారేం?" అని భర్తను రెండుసార్లు మందలించింది. ఏడు జతల బట్టలు మార్చి రెండు గంటల్లో వారం గడిపేశారు. మామ్మగారిని ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి, మోకాళ్లదాకా నీళ్లు పోసి, కోడలు చెంబుతో కెరటం విసిరింది.

"ఇదేనా సముద్రం?" అంది ఆవిడ.

"ప్రస్తుతానికి ఇదే అమ్మా. కొంచెం ఆశ్చర్యపోయినట్టు పెట్టు మొహం."

మా డాబా వాళ్ల డాబాకంటే అరడుగు ఎత్తు. నేను బట్టలు ఆరేస్తూ అంతా చూశాను. సూపరింటెండెంటుగారు చెయ్యి ఊపారు. నేనూ ఊపాను. సముద్రం ఎడమ చివర కొంచెం ముడతపడిందని చెప్పి, ఫొటో తీసేవాళ్ల వీపున పడాల్సిన ఎండ మొహాన పడుతోందని కూడా చెప్పాను. ఇరుగుపొరుగు అన్నాక ఆమాత్రం సాయపడకపోతే ఎలా?

తొమ్మిదో తేదీన వాళ్లు బయలుదేరినట్టు కాలనీ అంతా అనుకుంది. టికెట్లు పదో తేదీ మధ్యాహ్నానివి. ఒక రోజు ఎక్కువ యాత్ర చేసినట్టు రికార్డులో ఉంటుందని, తొమ్మిదో తేదీ ఉదయమే ముందు తలుపుకు తాళం వేసి వెనక తలుపులోంచి లోపలికి వచ్చి కూర్చున్నారు. పదో తేదీ ఉదయం ఎనిమిదింటికి, జనం ఆఫీసులకు వెళ్లకముందే చూడాలి కాబట్టి, ఫొటోలన్నీ కాలనీ ఫోను గ్రూపులో విడుదల చేశారు. "స్వర్గంలో అడుగుపెట్టాం. మమ్మల్ని చూసి కొండ కూడా లేచి కూర్చుంది!" అని కింద రాశారు.

తొమ్మిదింటికి కొండ నిజంగానే లేచి కూర్చుంది.

టీవీలో చూశాం. నాలుగు వందల ఏళ్ల నిద్ర ఒక్కసారిగా వదిలేసరికి ద్వీపం సగం బూడిదలో మునిగింది. రిసార్టులో ఉన్నవాళ్లను పడవల్లో దాటిస్తున్నారు. విమానాలు రద్దు. సూపరింటెండెంటుగారి హాల్లో నలుగురూ సూట్‌కేసుల మీద కూర్చుని, టీవీ గొంతు నొక్కేసి బొమ్మ మాత్రం చూస్తున్నారు.

"ఏమండీ, ఫొటోలు తీసేద్దాం. ఉన్నమాట చెప్పేద్దాం," అంది భార్య.

"ఒకసారి పంపిన నివేదికను వెనక్కి తీసుకున్న చరిత్ర మా శాఖకు లేదు," అన్నారాయన. "నివేదికలో తప్పు లేదు. జరిగిందే తప్పు."

అలా అజ్ఞాతవాసం మొదలైంది. పరదాలు దించారు. కుక్కర్ విజిల్ తీసి దాచారు. దగ్గు వస్తే దిండులో దగ్గాలని కుటుంబ సర్క్యులర్ జారీ అయింది. సూపరింటెండెంటుగారి పన్ను కూడా సమయం చూసి విజృంభించింది. ఆయన మూలగడానికి వీల్లేక, మూలుగుల్ని కాగితం మీద రాసి భార్యకు చూపించేవారట.

బయట కాలనీ కాలనీయే కదిలిపోయింది. పదకొండో తేదీ ఉదయం సరిగ్గా వాళ్ల కిటికీ కిందే సభ పెట్టాం. మా అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు, మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! నిప్పులు కక్కే కొండ ఒకవైపు, మన సూపరింటెండెంటుగారు ఒకవైపు! ఎవరు గెలుస్తారని మీరు అడగొచ్చు. ఇరవయ్యారేళ్లు వంతెనల శాఖలో నెగ్గుకొచ్చిన మనిషికి కొండొక లెక్కా? యాత్ర ఆహ్లాదకరంగా సాగిందని మన నోటీసు బోర్డు మీదే ఉంది. అంచేత లావా వారి దరిదాపులకు కూడా వచ్చి ఉండదని ఈ సభాముఖంగా లావాను హెచ్చరిస్తున్నాను!"

చప్పట్లు మార్మోగాయి. పరదా వెనక సూపరింటెండెంటుగారు కళ్లు తుడుచుకున్నారు. ఇరవయ్యారేళ్లలో ఆయన్ని ఇంతగా ఎవరూ మెచ్చుకోలేదు. వాచిన చెంపతోనే కూతురికి సైగ చేసి ప్రసంగమంతా రాయించుకున్నారు. ఆఫీసులో మాత్రం ఆయన కింది ఉద్యోగి దుఃఖం ఆపుకోలేక ఆయన కుర్చీలోనే కూర్చుని ఏడ్చాడనీ, ఆ తర్వాత అందులోంచి లేవలేదనీ తెలిసింది.

ఈ సందడిలో మామ్మగారిని ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ మూడు రోజులు సూట్‌కేసు మీద కూర్చునే ఉంది.

"ఏరా, నన్ను సముద్రానికి ఎప్పుడు తీసుకెళ్తావు?"

"అమ్మా, రికార్డు ప్రకారం నువ్విప్పుడు సముద్రంలోనే ఉన్నావు. గట్టిగా మాట్లాడకు," అన్నారు సూపరింటెండెంటుగారు.

పన్నెండో తేదీ ఉదయం భార్యాభర్తలు లేచేసరికి ఇంట్లో ఇద్దరు సభ్యులు తగ్గారు. కుక్కర్ మీద కూతురి చీటీ ఉంది. "నాన్నా, నేనూ నాయనమ్మా ఆర్డినరీ బస్సులో సముద్రానికి వెళ్తున్నాం. సాయంత్రానికి వచ్చేస్తాం. మీరు దిండులో దగ్గండి."

సూపరింటెండెంటుగారు తలపట్టుకుని కూలబడ్డారు. ఆయన పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. పోలీసులకు చెబుదామంటే, ఆయనే తప్పిపోయినవాళ్ల జాబితాలో మొదటి పేరు. బస్టాండుకు పరుగెడదామంటే, అధికారికంగా ఆయన సముద్రం అవతల బూడిదలో ఉన్నారు. తల్లికీ బిడ్డకూ దారిలో ఏమవుతుందోనని గుండె దడ. వాళ్లను ఎవరైనా చూస్తే తన గతేమవుతుందోనని అంతకంటే దడ. ఈ రెండు దడలకూ పంటి పోటు తోడైంది. మధ్యాహ్నానికి ఇక తట్టుకోలేక, భార్య రెయిన్‌కోటు తొడుక్కుని వెనకగోడ దూకారు. దూకింది దంతవైద్యుడి పెరట్లోకి. అలికిడి విని పక్కనే ఉన్న సామాన్ల గదిలోకి దూరారు.

లోపల మంచు కురిసి ఉంది.

నేలంతా దూది. బస్తాలకు బస్తాలు దూది. అట్టతో చేసిన ఒక శిఖరం, దాని మీద తెల్లసున్నం. మూల ఒక చెక్కబల్ల. ఆసుపత్రి గోడమీది ఫొటోలో డాక్టరుగారి భార్య జారిపడింది దాని మీదినుంచే. సూపరింటెండెంటుగారు ఆ హిమాలయ సౌందర్యాన్ని కళ్లప్పగించి చూస్తుండగా తలుపు దగ్గర డాక్టరు ప్రత్యక్షమయ్యాడు.

ద్వీపంలో ఉండాల్సిన మనిషి రెయిన్‌కోటులో ఉన్నాడు. మంచుకొండ మీద ఉండాల్సిన మంచు బస్తాలో ఉంది.

"నోరు తెరవండి," అన్నాడు డాక్టరు.

వృత్తిధర్మం అంటే అదీ. పన్ను పీకి, ఆ మంచులోంచే ఇంత దూది తీసి కుక్కి, మెల్లిగా హితబోధ చేశాడు. "కంగారు పడకండి. మొదటిసారి ఇలాగే ఉంటుంది. నాలుగింటికి టాక్సీలో వచ్చి వీధి మొదట్లో దిగండి. మొహాన ఇంత బూడిద రాసుకోండి. ఎవరేం అడిగినా దూరంగా చూస్తూ నిట్టూర్చండి. నేను గట్టిగా కౌగిలించుకుంటాను." సూపరింటెండెంటుగారు నోట్లో దూదితోనే ఆయన చేతులు పట్టుకున్నారు. ఎనిమిది నెలల వైరం ఆ క్షణంలో కరిగిపోయింది. ఇరుగుపొరుగు మధ్య ఇంతటి నమ్మకం ఈ రోజుల్లో చూడగలమా?

అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. అయిదింటికి సంఘం హాల్లో సంతాప సభ ఏర్పాటు చేసి ఉంచాం కాబట్టి వేరే ఖర్చు లేకుండా అదే సన్మాన సభ అయింది. బ్యానరు మీద మొదటి మాటకు నేనే కాగితం అంటించాను. అధ్యక్షుడు మళ్లీ లావాను తిట్టాడు. డాక్టరు కౌగిలించుకున్నాడు. సూపరింటెండెంటుగారు దూరంగా చూస్తూ నిట్టూర్చారు. అమ్మగారు, అమ్మాయి ఏరని అడిగితే, "వేరే పడవలో వస్తున్నారు" అని భార్య గొంతు జీరపోయేలా చెప్పింది. ఆ జీర మాత్రం నటన కాదు. ఆవిడ కళ్లు అరగంటనుంచీ తలుపు మీదే ఉన్నాయి.

అప్పుడే తలుపు దగ్గర వాళ్లిద్దరూ నిలబడ్డారు. బట్టలు మోకాళ్లదాకా తడిసి ఉన్నాయి. చెప్పులు చేతుల్లో ఉన్నాయి. నడిచినంతమేరా మా హాలు కొత్త గచ్చు మీద ఇసుక రాలింది. తల్లి ఒక్క ఉదుటున వెళ్లి కూతుర్ని గుండెకు హత్తుకుంది. మామ్మగారు నేరుగా వేదిక ఎక్కి కొడుకు ముందు నిలబడింది. ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"చూశానురా! అబ్బో, ఎంతుందనుకున్నావు! మోకాళ్లదాకా అనుకుని దిగితే నడుందాకా కొట్టింది. పడిపోబోయాను, ఇది పట్టుకుంది. బస్సులో కండక్టరు కిటికీ పక్క సీటిచ్చాడు. మూడు గంటలే! నువ్వూ వస్తే బావుండేదిరా."

సూపరింటెండెంటుగారి మొహాన బూడిద కింద రంగు మారింది. తల్లిని చూసి నవ్వబోయారు. పెదవుల దాకా వచ్చిన నవ్వు డాక్టరు దగ్గగానే లోపలికి పోయింది.

"పాపం, బూడిద తలకెక్కింది," అన్నాడు డాక్టరు జాలిగా. "ఇలాంటప్పుడు అగ్నిపర్వతాన్ని మరిచిపోయి ఆర్డినరీ బస్సులు గుర్తుకు రావడం మామూలే."

"అయ్యో, అయ్యో" అని అందరూ తలలు ఊపారు. ఆవిడ అందరి మొహాలూ చూసి, చివరికి నా దగ్గర ఆగింది.

"నువ్వు చెప్పు నాయనా. మా డాబా మీద ఏం జరిగిందో నువ్వు చూశావుగా. ఎవరు సముద్రానికి వెళ్లారో, ఎవరు వెళ్లలేదో నువ్వు చెప్పు."

అందరూ నావైపు తిరిగారు. నేను కార్యదర్శిని. పుస్తకం నా ముందు ఉంది, కలం నా చేతిలో ఉంది. ఆవిడ కాళ్ల దగ్గర రాలిన ఇసుక నాకు కనిపిస్తూనే ఉంది. వచ్చే నెల మా కుటుంబం ఎడారి యాత్ర ఉంది. సూపరింటెండెంటుగారి డాబా మీద నాలుగు బస్తాల ఇసుక అలాగే ఉంది, అడిగితే ఇస్తామన్నారు.

"మీరు వెళ్లినట్టు ఫొటో ఏమైనా ఉందా, మామ్మగారూ?" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "చెయ్యి ఖాళీ లేదు నాయనా, దీని చెయ్యి పట్టుకున్నాను," అంది. మనవరాలి చెయ్యి పట్టుకుని వేదిక దిగి వెళ్లిపోయింది.

ఆధారాలు లేనందువల్ల మామ్మగారు సముద్రాన్ని చూడలేదని, నలభై మూడు ఫొటోలు ఉన్నందువల్ల మిగతా కుటుంబం చూసిందని మినిట్స్‌లో నమోదు చేశాను. సభ్యులందరూ సంతకాలు పెట్టారు. హాలు ఊడ్పించాను.

మీరు నన్ను చూసి ముక్కున వేలేసుకుంటున్నారని తెలుసు. వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ పోయిన నెల మీరు పెట్టిన జలపాతం ఫొటో కింద 'అద్భుతం' అని మొదట రాసింది నేనే. ఆ జలపాతం వెనక తీగమీద మీ తువ్వాలు ఆరేసి ఉందని ఒక్క మాటైనా అన్నానా?